కోడి మెడ మీద మడతపడిన కత్తి

"పాత ఉక్కులో ఇనుమొక్కటే రాజు, తమ్ముడూ. మిగతావన్నీ కూరలో ఉప్పూ కారంలాగా చిటికెడు చిటికెడు. మన లోహంలో ఆ పెత్తనం లేదు. ఇనుము, నికెలు, కోబాల్టు, క్రోమియం, మాంగనీసు. అయిదుగురూ సమానం. ఎవడూ పెద్దా కాదు, ఎవడూ చిన్నా కాదు. నవ్వకు, టీ ఒలికిపోద్ది."

నేను నవ్వింది లోహాన్ని చూసి కాదు. సమానత్వం గురించి ఇంత తీయగా చెబుతున్న ఈ పెంగ్ జిన్‌ఫా తన కొట్లో టీ కెటిల్‌ని కూడా ఇంకొకరి చేతికివ్వడు. ఫ్యాను ఎటు తిరగాలో, రేడియోలో ఏ పాట మోగాలో, మధ్యాహ్నం భోజనం డబ్బాల్లో ఏ కూర ఉండాలో అన్నీ ఆయనే తేలుస్తాడు. ఆ కొట్లో సమానమైన వాటా దక్కేది కొలిమిలోకి వెళ్ళే లోహాలకు మాత్రమే.

మాట్లాడుతూనే దాగలి మీది కత్తిని సుత్తితో కొడుతున్నాడు. వంటింట్లో కోడిని ముక్కలు కొట్టే వెడల్పాటి కత్తి అది. కొత్త సంవత్సరం సెలవులయి కొట్టు తెరిచినప్పటి నుంచీ ఇదే వరస. లాంతర్ల పండగ కూడా వెళ్ళిపోయింది. చేతిలో పని లేకపోతే చాలు, ఆ కత్తిని దాగలి మీదికి ఎక్కిస్తాడు. ఎందుకో మా జుడుంగ్ ఊళ్ళో, ఈ వెనక వీధిలో అందరికీ తెలుసు. ఆయన దగ్గర ఇన్నేళ్ళుగా సాన పట్టిన ఫాన్ చున్‌లాన్ అక్క పని మానేసి వెళ్ళిపోయింది. ఆవిడ తిరిగి రావాలి. రమ్మని అడగడం మాత్రం పెంగ్‌కి చేతకాదు. అందుకని కత్తిని కొడుతున్నాడు.

పెంగ్‌ది చిత్రమైన బతుకు. తండ్రి పలుగులూ కొడవళ్ళూ చేసేవాడు, అవి పొలాల్లో అరిగేదాకా మన్నేవి. కొడుకు చేసేవి మాత్రం విరగ్గొట్టడానికే పనికొస్తాయి. కొండ దిగువ యూనివర్సిటీ వాళ్ళు ఇన్ని పాళ్ళు ఇది, ఇన్ని పాళ్ళు అది అని చెప్పి పంపుతారు. పెంగ్ గాలి తీసేసిన కొలిమిలో కరిగించి, పోత పోసి, కడ్డీలు చేస్తాడు. చున్‌లాన్ అక్క వాటిని గరుకు కాగితం మీద, తర్వాత నున్నటి గుడ్డ మీద రుద్ది అద్దంలా చేసేది. యూనివర్సిటీ వాళ్ళు పట్టుకెళ్ళి రెండు కొసలూ యంత్రానికి తగిలించి, తెగేదాకా లాగేవారు. తెగిన ముక్కల్ని చూసి సంతోషపడి, ఇంకో రకం పొయ్యమనేవారు.

అయిదు లోహాలు సమానంగా కలిపే ఈ పద్ధతి మా ఊళ్ళవైపు బాగా పెరిగింది. దానికి చదువుకున్నవాళ్ళు పెట్టిన పేరులో ఎంట్రపీ అనే మాట ఉంది. అది పెంగ్ చెవిన పడిన రోజు నుంచి మార్కెట్లో ముల్లంగి అమ్మేవాళ్ళకు కూడా శాంతి లేదు. "గందరగోళమమ్మా! ఎంత గందరగోళంగా కలిస్తే అంత బలం!" అని ముల్లంగి చేత్తో పట్టుకుని ఉపన్యాసం. మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికొడుకు తాతను పట్టుకుని సూప్ చల్లారిపోయేదాకా చెప్పాడు. పెంగ్ భార్య ఒక్క మాటలో తేల్చేసింది: "ఈయన ఇంట్లో చేసేదానికే యూనివర్సిటీ వాళ్ళు పేరు పెట్టారు, అంతే."

ఈ మనిషిని అదుపులో పెట్టింది చున్‌లాన్ అక్క నోరే. వయసులో ఆయనకంటే పెద్ద. జుట్టుకు గళ్ళ గుడ్డ కట్టుకుని, తడిసిన రబ్బరు చేతొడుగులతో తన సాన చక్రం ముందు కూర్చునేది. చక్రం హోరును మించి వినబడేది ఆవిడ గొంతు.

"బాస్, ఈ కడ్డీలో బుడగ ఉంది."

"బుడగ లేదక్కా, నీ కంట్లో పువ్వుంది."

"నా కంట్లో పువ్వుంటే నువ్వు అందంగా కనబడాలి కదా. కనబడట్లేదు మరి."

పొద్దున్న మొదలైతే కొట్టు మూసేదాకా ఇదే. నేను ఎదురింటి వసారాలో కూర్చుని విని, రేడియో కొనుక్కునే ఖర్చు తప్పించుకున్నాను.

గొడవకు మూలం మా సంవత్సరాంతపు విందు. పన్నెండో నెల పదహారున భూమిదేవరకు మొక్కి, యజమానులు పనివాళ్ళకు భోజనం పెడతారు. పాతకాలంలో ఆ బల్ల మీద తలతో సహా వండిన కోడి ఉండేది. యజమాని దాని ముక్కు ఎవరివైపు తిప్పి పెడితే వాళ్ళు కొత్త సంవత్సరంలో పనిలోకి రానక్కర్లేదు. ఎదురుగా నిలబడి నువ్వు వద్దు అని చెప్పే ధైర్యం లేని యజమానులు చచ్చిన కోడి చేత చెప్పించేవారన్నమాట. ఇప్పుడు ఎవరూ అలా చెయ్యరు. వంటింట్లోనే తల తీసేస్తారు. పెంగ్‌కి మాత్రం వంటింట్లో తీస్తే సరిపోదు. ఏటా అందరి ముందూ నిలబడి, తానే ఒక్క దెబ్బకు తల నరికి, "మా కొట్లో ఎవరూ పోరు!" అని గట్టిగా అరుస్తాడు. ఆ అరుపు కోసం ఏడాదంతా గొంతు దాచుకుంటాడని చున్‌లాన్ అక్క అనేది. కానీ ఆ అరుపు వినపడగానే మొదట చప్పట్లు కొట్టేది ఆవిడే.

ఈసారి పెంగ్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. అయిదు లోహాల కత్తి తానే పోత పోసి, దానితోనే కోడి తల నరకాలని. యూనివర్సిటీలో ఈ కడ్డీల పని చూసే ప్రొఫెసర్ కోకి ఆ సంగతి తెలిసి వద్దని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

"పెంగ్ గారూ, పోసింది పోసినట్టు వాడితే ఇది మెత్తన. విరగదు, నిజమే. విరగనిదల్లా కొయ్యదు కదా. ముందు దీన్ని సాగగొట్టాలి. దెబ్బలు తింటేనే దీనికి బలం."

"కొడితే మెరుపు పోద్ది ప్రొఫెసర్ గారూ. పోతలో ఎంత అందంగా వచ్చిందో చూడండి. పైగా చలిలో ఇంకా బలం అని మీరే కదా చెప్పారు?"

"చలిలో బలం నిజమే. కానీ..."

"అయిపోయింది. చలిలో పెడతాను."

ఆ 'కానీ' తర్వాత ఏముందో పెంగ్ ఈనాటికీ వినలేదు.

అంచుకు సాన కూడా తనే పట్టాడు. విందులో చూసి ఆశ్చర్యపోవాలని చున్‌లాన్ అక్క దగ్గర దాచాడు. ఆవిడ ఇంటికెళ్ళాక చక్రం ముందు కూర్చుని, కాగితమంత పల్చగా అంచు తీశాడు. కాగితం పల్చనైతే చేతిని కోస్తుంది కాబట్టి కత్తి కూడా పల్చనయ్యేకొద్దీ మంచిదని ఆయన లెక్క.

ఆ దాపరికమే కొంప ముంచింది. ఆయన ఏదో దాస్తున్నాడని ఆవిడ కనిపెట్టింది, పైగా అప్పటికే ఇంకో సంగతి చూసి ఉంది. విందుకు కొన్నాళ్ళ ముందు ఒక అమ్మకాలవాడు కొట్టుకొచ్చాడు. తనంతట తానే రుద్దుకునే యంత్రం అతని సరుకు. కడ్డీలు బిగిస్తే చాలు, మనిషి అక్కర్లేదు. పెంగ్ అతన్ని కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. ఎంత చోటు కావాలి, ఎంత కరెంటు తాగుతుంది, ఎంత సన్నగా రుద్దుతుంది. ఆ వచ్చినవాడికి టీ పోసింది ఎవరనుకున్నారు? చున్‌లాన్ అక్కే. తన కుర్చీ ఎక్కడ తీసేస్తే యంత్రం పడుతుందో వాళ్ళిద్దరూ కొలుస్తుంటే, ఆవిడ పక్కన నిలబడి బిస్కెట్లు కూడా ఇచ్చింది.

విందు కొట్లోనే. కొలిమిని పక్కకు జరిపి గుండ్రటి బల్ల వేశారు. ఆవాల ఆకు ఊరగాయతో ఉడికించిన పంది మాంసం, వెదురు మొలకలు, పుల్ల నారింజ పచ్చడి, నడుమ ఉడికించిన కోడి, తల మెడతో సహా. ప్రొఫెసర్ కో, చున్‌లాన్ అక్క, మిగతా ముగ్గురు పనివాళ్ళు, పెంగ్ దంపతులు, నేను. పెంగ్ లేచి గొంతు సవరించుకుని, యూనివర్సిటీ నుంచి తెచ్చిన ద్రవ నైట్రోజన్ డబ్బా మూత తీశాడు. తెల్లటి పొగ బల్లంతా పాకింది. అందులో కత్తిని ముంచాడు. డబ్బా బుసబుస పొంగింది. పనివాళ్ళు ఫోన్లు తీశారు. అందరూ అబ్బో అన్నారు. అదే ఆ సాయంత్రం చివరి అబ్బో.

తోలు చేతొడుగుతో కత్తి ఎత్తాడు. కోడి మెడ మీద ఠప్పున కొట్టాడు. మెడ తెగలేదు. రెండోసారి కొట్టాడు. ఈసారి కత్తి పైకి రాలేదు. గడ్డకట్టిన చలికి తడి కోడి తోలు కత్తికి అతుక్కుపోయింది. పెంగ్ లాగాడు. కోడి మొత్తం పళ్ళెంలోంచి లేచింది. ఊపాడు. కోడి కూడా ఊగింది. పచ్చడి గిన్నె పక్కనున్నవాడి ఒళ్ళో పడింది. ఆఖరికి తోలు చిరిగి, కోడి దభీమని బల్ల మీద పడి, సగం నలిగిన మెడ మీద తల గిర్రున తిరిగి, ముక్కు తెరుచుకుని, సరిగ్గా చున్‌లాన్ అక్క వైపు చూస్తూ ఆగింది.

చున్‌లాన్ అక్క కోడిని చూడలేదు. పెంగ్ మొహం వైపు చూసింది. ఒక్క మాట చాలు. కోడి తప్పుదారి పట్టిందక్కా అన్నా చాలు. పెంగ్ నోరు తెరిచాడు.

"పగల్లేదు! చూశారా ప్రొఫెసర్ గారూ, అంచు తమలపాకులా మడతపడింది కానీ పగల్లేదు! ఇంత చలిలో మామూలు ఉక్కయితే గాజులా పెళుక్కుమనేది!"

ఆ మనిషి కత్తినే చూస్తున్నాడు. మొహమంతా సంతోషం.

చున్‌లాన్ అక్క నిదానంగా లేచింది. వంటింట్లోకెళ్ళి మామూలు కత్తెర తెచ్చింది. ఒక్క నొక్కుకు కోడి తల కత్తిరించి, ప్లాస్టిక్ సంచిలో వేసుకుని ముడివేసింది.

"బాస్, నోటితో చెప్పినా వెళ్ళేదాన్ని. పాపం, కోడిని ఇంత చలిలో పెట్టావు."

స్కూటర్ చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. పెంగ్ భార్య మొగుడి వైపు చూసిన చూపుకు ద్రవ నైట్రోజన్ వెచ్చగా ఉంటుంది. పెంగ్ మాత్రం అప్పటిగ్గానీ కత్తి మీంచి కళ్ళు ఎత్తలేదు. "ఆవిడెక్కడికెళ్ళింది?" అన్నాడు.

ఇదీ జరిగింది. సెలవులయ్యాక టపాకాయలు కాల్చి కొట్టు తెరిస్తే ఆవిడ కుర్చీ ఖాళీ. ఫోన్ చెయ్యరాదా అని భార్య అంటే, "తప్పు కోడిది" అన్నాడట. రుద్దని కడ్డీలు గంపలో పేరుకున్నాయి. పనివాళ్ళు రుద్దితే గీతలు పడి యూనివర్సిటీ నుంచి తిరిగొచ్చాయి. ఈయన చూస్తే కత్తి ముందు కూర్చున్నాడు.

"ఇంత కాలం కొడుతున్నావు, ఏమన్నా గట్టిపడిందా అన్నా?" అని అడిగాను. అడిగితే చెప్పడం ఆపడని తెలిసినా, చెప్పించుకోవడం నాకిష్టం.

"గట్టిపడటమా!" సుత్తి పక్కన పెట్టాడు. "లోహం వంగడమంటే ఏంటనుకున్నావు? లోపల వరసలు జరగడం. వరసంతా ఒక్కసారి జరగదు. ఎక్కడో ఒక చిన్న ముడత పుట్టి, దుప్పటి కింద పిల్లిలా పాక్కుంటా పోద్ది. మామూలు లోహంలో ఆ పిల్లికి నున్నటి నేల. మన దాంట్లో అయిదు సైజుల గుండ్లు కలిపి పరిచిన నేల. ప్రతి అడుక్కీ ఎగుడు దిగుడే. ఈడ్చుకుంటా పోద్ది."

"మరి అంత ఈడ్చుకునేది కోడి దగ్గర ఎందుకు మడతపడింది?"

"పొయ్యరా ఉప్పు, పుండు మీదే పొయ్యి." టీ పోసుకున్నాడు, నాకు పొయ్యలేదు. "అప్పుడు దాని లోపల ముడతలు తక్కువ. ఖాళీ సందులో స్కూటర్లలాగా ఎటు కావాలంటే అటు పోయాయి. కొట్టేకొద్దీ కొత్తవి పుడతాయి. ఒకదానికొకటి అడ్డం పడతాయి. మన మార్కెట్ సందు ఆదివారం పొద్దున చూశావా? ముందుకెళ్ళలేవు, వెనక్కి రాలేవు. లోపల అంత ఇరుకైపోతే ఇంకేం వంగుద్ది? అదే గట్టిదనం."

"అంటే గట్టిపడటమంటే ఎవరూ కదల్లేకపోవడమన్నమాట."

"అంతే."

"నువ్వూ చున్‌లాన్ అక్కా లాగా."

పెంగ్ కెటిల్ మూత తీసి లోపలికి చూశాడు. అందులో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"మధ్యలో ఒకసారి మెత్తబరిచాను," అన్నాడు గొంతు తగ్గించి. "చెయ్యి నొప్పెట్టి, కొంచెం వేడి చేస్తే సులువుగా లొంగుద్దని కొలిమిలో పెట్టాను. ఎర్రగా కాగేదాకా మర్చిపోయా. బయటికి తీస్తే మళ్ళీ వెన్న. అన్నాళ్ళు కొట్టిందంతా గాలికి పోయింది. ప్రొఫెసర్ గారొచ్చి పడీ పడీ నవ్వాడు. వేడికి లోపల చిక్కులన్నీ విడిపోతాయంట. మళ్ళీ మొదటి నుంచీ కొట్టా."

"ఆ రోజే ఆవిడకి ఫోన్ చేసుంటే అక్కడా చిక్కు విడిపోయేది."

"ఇనుము గురించి మాట్లాడుతుంటే మనుషుల్ని తెస్తావేంటి?" కసిరాడు. కసిరిన మనిషే మళ్ళీ మొదలెట్టాడు. "తర్వాత చలిలో ముంచి కొట్టా. చలిలో దీనికి ఇంకో విద్య ఉంది. లోపల పొరలు అద్దంలో నీడల్లా తిరగబడతాయి. ఒక్కో పొర సరిహద్దూ ఒక గోడ. ముడత పాక్కుంటా వచ్చి గోడకి కొట్టుకుని ఆగిపోద్ది. అందుకే చలికి మిగతావి పెళుసెక్కితే ఇది ఇంకా సాగుద్ది, ఇంకా గట్టిపడుద్ది. రెండూ ఒకేసారి! ప్రొఫెసర్ గారు వజ్రపు మొనతో నొక్కి చూశాడు. పోతలో ఉన్నదానికి రెట్టింపు దాటిందన్నాడు. పెంగ్ గారూ, పొరపాటున ఒక పరిశోధన చేసేశారు అన్నాడు."

ఆ 'పొరపాటున' అన్న మాటను ఆయన బిరుదులా పలికాడు.

"మరి ఆ యంత్రం ఎప్పుడొస్తోంది?" అన్నాను. ఇది అడగాలనే పొద్దున్నుంచీ కూర్చున్నాను.

సుత్తి చేతిలోకి తీసుకున్నాడు, కొట్టలేదు. "అడిగాను. అడిగితే కొన్నట్టా? కొత్త మిషను కనబడితే ఎవడైనా అడుగుతాడు." సుత్తి మళ్ళీ కింద పెట్టాడు. "కొందామనే అనుకున్నాలే. అబద్ధమెందుకు. ఒక రోజు అనుకున్నా. ఆవిడ మోకాళ్ళ నొప్పులంటోంది, ఎన్నాళ్ళు కూర్చుంటుందిలే అనుకున్నా. మొన్న వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. నీ మిషనుకి నోరుందా అని అడిగా. చప్పుడు అస్సలు చెయ్యదు సార్ అని మురిసిపోయాడు. పెట్టెయ్యరా ఫోను అన్నా."

ఖాళీ కుర్చీ వైపు చూడకుండా ఉండటానికి ఆయన పడే కష్టం చూస్తే జాలేసింది. జాలి పడదగ్గ మనిషి కాదని గుర్తుచేసుకుని, నా దగ్గరున్న మాట బయటపెట్టాను.

"నిన్న మార్కెట్లో అక్కని చూశాను. చెల్లెలి బండి దగ్గర ముల్లంగి కూరిన పిండి ఉండలు ఆవిరికి పెడుతోంది."

"ఏమన్నా అడిగిందా?"

"అడిగింది."

"ఏమని?" బల్ల మీదికి వంగాడు.

"కత్తి ఎలా ఉందని."

"నన్ను అడగలేదూ?"

"కత్తిని ఎవడన్నా సరిగ్గా సాన పట్టాడా, లేక ఆ తలకాయే రుద్దుతోందా అంది."

పెంగ్ మొహం విచ్చుకుంది. ఇన్నాళ్ళకు ఆయన్ని ఎవరో సరిగ్గా తిట్టారు. "తలకాయ అందా? ఇంకా?"

"ఇంకేమీ అనలేదు. ఉండలకి డబ్బులు తీసుకుంది. రెండు ఎక్కువ వేసింది."

గబగబా లేచాడు. నిన్నటి పేపరు వెతికి కత్తిని చుట్టడం మొదలెట్టాడు. చుట్టి, విప్పి, అంచు మీద బొటనవేలు రాసి, మళ్ళీ చుట్టాడు. అంచు వంకర టింకరగా మొద్దుగా ఉంది. గట్టిపడింది నిజమే, కోడి కాదు కదా పెరుగు గడ్డ కూడా తెగదు.

"ఇది పట్టుకెళ్ళు. నేను పంపానని చెప్పకు. నీకే దొరికిందని చెప్పు. వద్దు, నమ్మదు. సరే, నేనే పంపానను. అంచు నాకు లొంగట్లేదని చెప్పు. అదీ వద్దు. ఆవిడ చక్రం మీద తప్ప ఈ అంచు ఎక్కదని చెప్పు. ఆ చక్రం ఇక్కడే ఉందని కూడా చెప్పు, కుర్చీ కూడా కదల్చలేదని."

"క్షమించమని చెప్పనా?"

"అంత దూరం ఎందుకు వెళ్తావు? ఇక్కణ్ణుంచి మార్కెట్ దాకా వెళ్తే చాలు." పొట్లం నా చేతిలో పెట్టి, వెనక్కి లాక్కుని, మళ్ళీ పెట్టాడు. "కోడి మాట మాత్రం ఎత్తకు. ఆవిడే ఎత్తితే... తప్పు కోడిది కాదంట అని చెప్పు. ఎవరిదని అడిగితే, ఆ సంగతి కొట్టుకొచ్చి తెలుసుకోమను."

గుమ్మం దాటాను. వెనకాలే వీధిలోకి వచ్చేశాడు, చెప్పులు కూడా లేకుండా.

"తమ్ముడూ! కోపమొచ్చి విసిరికొడితే కొట్టనీ. భయపడకు, అది పగలదు. నీ పాదం మాత్రం పక్కకి తీసుకుని, ఏరి, మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టు!"